పది గంపల్లో ఎన్ని

సెప్టెంబరు ఆఖర్లో మా జాలరిపేట ఇసక మీద ఆరబోసిన చేపలన్నీ ఒక్క మధ్యాహ్నంలో తడిసి కుళ్లిపోయాయి. వాన కుళ్లబెట్టిందని ఎవరూ అనలేదు. నూకాలు కూతురు సత్యశ్రీ కుళ్లబెట్టిందన్నారు.

ఆ సత్యశ్రీని నేనే.

యూనివర్సిటీలో ఎమ్మెస్సీ వాతావరణ శాస్త్రం చదువుతున్నాను. ఆ సెమిస్టర్లో మాకు అంచనాల ప్రాక్టికల్ ఉంది. మొదటి రోజే శ్రీరామ్మూర్తి మాస్టారు బల్ల మీద స్కేలుతో కొట్టి నియమాలు చెప్పారు.

"ఒక్కొక్కరూ ఒక యూజర్ని ఎంచుకోండి. మీ మాట విని పని మొదలుపెట్టేవాడో, ఆపేసేవాడో అయ్యుండాలి. సీజనంతా రోజూ పొద్దున్నే వాడికి అంచనా చెప్పాలి. చెప్పాక దిద్దుకోడాలు ఉండవు. తప్పు చెప్పిన మర్నాడు కూడా చెప్పాలి. ఒక్కరోజు మానేసినా నా దగ్గర మార్కులుండవు. ఇంకో సంగతి. వాన పడుతుందనీ పడదనీ రాస్తే నేను చదవను. పదికి ఎన్ని వంతుల అవకాశమో రాయండి. మనం చేసేది జాతకాలు చెప్పే పని కాదు."

ఒకడు విమానాశ్రయం అన్నాడు. ఇంకొకడు పోర్టు క్రేన్లన్నాడు. నా పక్కన కూర్చునే హరిచందనది ఉక్కునగరం, వాళ్ల నాన్న ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అది బొగ్గు నిల్వ చేసే యార్డు రాసుకుంది. నా వంతు వచ్చింది.

"ఎండు చేపలు సార్."

క్లాసంతా ముక్కు మూసుకుని నవ్వింది.

"యూజర్ పేరు?"

"నూకాలు. మా అమ్మ."

మాస్టారు నవ్వలేదు గానీ రాసుకునే ముందు ఒకసారి నా మొహం చూశారు.

నాన్న బోటెక్కితే వారం, పది రోజులు కనపడడు. ఇల్లు నడిపేది అమ్మే. హార్బర్లో పచ్చి నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు కొంటుంది, ఇసక మీద ఆరబోస్తుంది, ఎండినవి అమ్ముతుంది. మా వరసలో అందరు ఆడవాళ్లదీ అదే పని. పచ్చి చేపకి మంచి ఎండ రెండు రోజులు తగిలితే చాలు. ఆ మధ్యలో ఒక్క జల్లు పడితే పురుగు పట్టి, కోళ్ల మేతకి తప్ప పనికిరాదు. వేటకి వెళ్లే మగవాళ్ల కోసం రేడియోలో, టీవీలో హెచ్చరికలున్నాయి. ఆరబోసే ఆడవాళ్లకి ఎవరూ ఏమీ చెప్పరు. అందుకే ఆ యూజర్ని పట్టుకున్నాను.

నాకు చార్టులు వచ్చుగానీ ఇసక మీది కట్టుబాటు ఎంత గట్టిదో అప్పటికి తెలియదు. పొద్దున్నే పెద్దదిక్కు గంగాలమ్మ మామ్మ తన మొదటి గంప బోర్లిస్తుంది. ఆవిడ బోర్లిస్తే అందరూ బోర్లించాలి, ఉన్నదంతా. ఆవిడ ఆపితే అందరూ ఆపాలి. ఎవరైనా రెండు గంపలు వెనక్కి దాచుకుందంటే, వాన రావాలనీ పక్కదాని చేప తడవాలనీ కోరుకున్నట్టే లెక్క. అలాంటిదానికి వరసలో చోటుండదు.

ఆ సెప్టెంబరు రోజున నేను చెప్పింది ఇదీ: "మామ్మా, ఇవాళ పదికి మూడు వంతులు వాన."

గంగాలమ్మ చుట్ట పక్కకి తీసింది. "అంటే పడదు."

"పడొచ్చు. మూడు వంతులు."

"మిగతా ఏడూ ఎండేనేటి?"

"ఎండే."

"మూడు పెద్దదా, ఏడు పెద్దదా?"

"ఏడే గానీ మామ్మా..."

"మరింకేటే! సదువుకున్న గుంటవి, ఏడు పెద్దదని నువ్వే సెప్తన్నావు. పరవండోలే!"

గంపలు బోర్లాయి. ఇసకంతా వెండి రేకులు పరిచినట్టు మెరిసింది.

మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని గాలి పీడనం గీతలు గీస్తున్నాను. కిటికీలోంచి చూస్తే సింహాచలం కొండ వెనక మేఘం లేచి, పైన చదునుగా కమ్మరి దాగలి ఆకారంలో పరుచుకుంటోంది. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే ఉంది. చేతిలో పెన్సిలు అక్కడే పడేసి పరుగెత్తాను. నేను బీచి రోడ్డు దాటేసరికి వాన నాకంటే ముందే దాటేసింది.

సాయంత్రం నాగబాబు వ్యాను వచ్చింది. మంచి ఎండు చేపకి బేరం ఆడేదీ, పాడైన చేప మేతకి ఎత్తుకుపోయేదీ అతనే. అమ్మని అక్కా అంటాడు, నన్ను కోడలా అంటాడు. ఆ రోజు అతనికి పండగ.

"ఏటి కోడలా, సదువు బాగా ఎక్కుతాందా? మా కోళ్లు నీ పేరు సెప్పుకుని తింటాయిలే."

"నేను మూడు వంతులు పడొచ్చన్నాను మావయ్యా."

"మూడు వంతులు పడినట్టుందేటి ఇది? మొత్తం పడిపోనాది కదేటి!"

ఆడవాళ్లు తడిసిన చేపల్ని పారలతో ఎత్తుతూ నా వంక చూడలేదు. గంగాలమ్మ మాత్రం చూసింది. చూసి, నాతో కాకుండా అమ్మతో మాట్లాడింది.

"నూకాలూ, రేపట్నించి ఈ గుంట ఇసక మీద నోరిప్పిందంటే నీ సోటు ఉండదు. సెప్తన్నాను."

అమ్మ పార ఆపలేదు. "అలగే అత్తా" అంది.

మర్నాడు పొద్దున్నే నేను ఫోను తీయలేదు. ఉపగ్రహ చిత్రం చూడలేదు. వాతావరణ కేంద్రం వాళ్లు ఎగరేసే బెలూను ఏం చెప్పిందో చూడలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. అమ్మ పొయ్యి మీద టీ దించి, గ్లాసు నా ముందు పెట్టింది.

"ఏటే, ఇయ్యాల మబ్బులు లీవెట్టినాయా?"

"చెబితే నీ చోటు పోతుందమ్మా."

"సోటు నాది. నోరు నీది. సెప్పు."

అంతే. తలగుడ్డ చుట్టుకుంటోంది. నేను ఫోను తీసి చూశాను.

"రెండు వంతులు."

అమ్మ ముడి బిగిస్తూ ఆగింది. "పది గంపలుంటే రెండు తడుత్తాయని కాదు కదా?"

"కాదు. తడిస్తే పదీ తడుస్తాయి. ఇలాంటి రోజులు పది వస్తే అందులో రెండు రోజులు వాన. ఆ రెండూ ఏవో నాకు తెలియదు."

"నిన్నటిది అలాటిదే?"

"నిన్న మూడన్నాను కదా. పదిలో తడిసే ఆ మూడు రోజుల్లో నిన్నటిది ఒకటి."

అమ్మ పెరట్లో సిమెంటు తొట్టి వైపు చూసింది. అందులో ఉప్పుంది. ఉప్పులో వేసిన చేప వానకి చావదు, వారం తర్వాత ఆరబెట్టినా ఆరుతుంది. కాకపోతే దాని ధర సగమే.

"అయితే రోజూ నువ్వన్నన్ని గంపలు తొట్లో ఏసీసి ఎల్తే? తడిసిన రోజున ఇంట్లో ఎంతో కొంత ఉంటాది గదా."

"ఎండ కాస్తే ఆ గంపలకి సగం ధరే వస్తుందమ్మా."

"నిన్న నాకు సగం ధర ఒచ్చుంటే దండం పెట్టుకుందును."

రెండు గంపలు తొట్టిలో పడ్డాయి. మిగతావి నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. ఇంట్లో ఏం ఉంచిందో ఇసక మీద ఎవరికీ చెప్పలేదు.

కాలేజీలో నా కథ నాకంటే ముందే చేరింది. హరిచందన నన్ను మెట్ల మీదే పట్టుకుంది.

"పోర్టులో ఇంకో మనిషికి ఖాళీ ఉందట. మార్చేసుకోవే. క్రేన్లు నిన్ను తిట్టవు."

"నేను మార్చుకోను."

"మొండి."

"అవును."

మాస్టారు కూడా అదే మాట అన్నారు, ఇంకాస్త మర్యాదగా. నేను జవాబుగా అమ్మ చేసిన పని చెప్పాను. ఎన్ని వంతుల వానైతే అన్ని గంపలు ఉప్పులోకి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది తప్పు లెక్కమ్మా. పుస్తకం ఏం చెబుతుంది? ఉప్పులో వేస్తే ఎంత నష్టం, తడిస్తే ఎంత నష్టం, రెండూ పోల్చి ఒక హద్దు పెట్టుకోమంటుంది. వాన అవకాశం హద్దు దాటితే మొత్తం ఆపాలి. దాటకపోతే మొత్తం పరవాలి. సీజను మొత్తం మీద లాభం అందులోనే ఎక్కువ. కొన్ని ఇటూ కొన్ని అటూ అనేది లెక్కకి నిలబడదు."

"మా గంగాలమ్మ మామ్మ కూడా అదే అంటుంది సార్. మొత్తం పరువు, లేకపోతే మొత్తం ఆపు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు.

"పుస్తకంలో వాళ్లకి నష్టం సీజను మొత్తం మీద వస్తుంది సార్. మా అమ్మకి ఒక్క మధ్యాహ్నంలో వస్తుంది. ఉన్నదంతా ఒక్కరోజులో పోతే, మర్నాడు హార్బర్లో చేపలు కొనడానికి చేతిలో ఏముంటుంది? ఆటలోంచి బయటికి పోయినవాళ్లకి సగటు లాభం ఎందుకు?"

బయటికి పంపేస్తారనుకున్నాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"నీ వాదన నాకు ఇంకా నచ్చలేదు. సీజనంతా ఇలాగే నడిపించి, చివర్లో ఆ లెక్కలతో నాతో పోట్లాడు. మధ్యలో వదిలేస్తే మాత్రం ఊరుకోను."

"వదలను సార్."

అక్టోబరు అలాగే గడిచింది. పొద్దున్నే ఇంట్లో నేను చెప్పడం, అమ్మ తొట్టిలో వేయడం, మిగిలినవి ఇసక మీద మొత్తం పరవడం. కట్టుబాటు తప్పినట్టు ఎవరికీ కనపడలేదు. నేను మాత్రం ఇసక మీద నోరు కట్టుకుని తిరిగాను. అది నాకు వానలో తడవడం కంటే కష్టంగా ఉంది. వరసలో మా పక్కనుండే పోతమ్మ ఒకసారి గంప దించుకుంటూ "ఇయ్యాల ఎలాగుంటాదే?" అని గొణిగింది. జవాబు నాలిక చివరి దాకా వచ్చింది. గంగాలమ్మ చుట్ట పొగ ఇటే వస్తోంది. మింగేశాను.

నవంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టింది. రెండు రోజుల్లో వాయుగుండమైంది. వేటకి వెళ్లొద్దని హెచ్చరిక రాగానే బోట్లన్నీ హార్బరుకి వచ్చేశాయి, నాన్నది కూడా. ఒక్కసారిగా అంత చేప దిగేసరికి ధర పడిపోయింది. ఆడవాళ్లు అందినకాడికి కొన్నారు. ఆ పొద్దున ఇసక మీద ఎన్నడూ లేనన్ని గంపలు నిలబడ్డాయి. ఒక్కటీ బోర్లాలేదు. మా తొట్టీ అప్పటికే నిండిపోయింది. అమ్మ పది గంపలూ, వాటితో పాటు ఒక ఉప్పు బస్తా ఇసక మీదికే తెచ్చేసింది.

పైన మబ్బు ఉంది గానీ కురిసే మబ్బు కాదు. గంగాలమ్మ సముద్రం వంక చూస్తోంది, బోర్లించడం లేదు. అందరూ గంగాలమ్మ వంక చూస్తున్నారు. నాగబాబు వ్యాను బానెట్ మీద కూర్చుని ఫోనులో టీవీ చానలు పెద్ద సౌండుతో వినిపిస్తున్నాడు. అందులో ఒకాయన గొడుగు పట్టుకుని అరుస్తున్నాడు.

"ఇన్నారా? తుపానంట! తడిపీసుకుని మేతకి ఇచ్చీ బదులు పచ్చిగా ఇయ్యాలే ఇచ్చీండి. నాకేటి లాభం, మీ మొహాలు సూసి తీసుకుంతన్నాను."

ఇద్దరు, ముగ్గురు గంపలు ఎత్తుకుని వ్యాను వైపు కదిలారు. ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"తుపాను అని ఎవరూ చెప్పలేదు మావయ్యా. వాయుగుండం అన్నారు. అది ఒడిశా వైపు తిరిగితే మనకి కొండల మీంచి పొడిగాలి, చక్కగా ఆరతాయి. కాకినాడ వైపు వస్తే వాన. ఇవాళ పదికి నాలుగు వంతులు వాన."

గంగాలమ్మ వెనక్కి తిరిగింది. "నిన్ను నోరిప్పద్దన్నానా నేదా?"

"అన్నావు మామ్మా."

"అయితే ఎటు తిరుగుతాదో అదైనా సెప్పు. ఇటా, అటా?"

"తెలియదు."

"తెల్దా! ఓలమ్మో, ఇంటన్నారా? యూనివర్సిటీ గుంటకి తెల్దంట!"

నవ్వులు లేచాయి. నా చెవులు కాలిపోయాయి. కానీ కాళ్లు కదల్లేదు.

"తెలియదు మామ్మా. టీవీ ఆయనకీ తెలియదు, నాగబాబు మావయ్యకీ తెలియదు. కాకపోతే ఎంత తెలియదో నాకు తెలుసు. అది చెప్పడం నేర్చుకోడానికే కాలేజీకి వెళ్తున్నాను. పదిలో ఆరు గంపలు పరవండి. నాలుగు ఉప్పులో వేయండి. ఎటు తిరిగినా రేపు మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది."

"కొన్ని దాసుకుని కొన్ని పరవడమా? పక్కదాని సేప తడవాలనా?" గంగాలమ్మ గొంతు లేచింది. "ఈ ఇసక మీద అలాటిది నేదు!"

అప్పుడు చప్పుడైంది. తడి చేప ఇసక మీద జారిన చప్పుడు. తిరిగి చూస్తే అమ్మ మొదటి గంప బోర్లించేసింది. గంగాలమ్మ కంటే ముందు. రెండోది బోర్లించింది. మూడు. నాలుగు. తొందర లేదు, కోపం లేదు, రోజూ ఎలా చేస్తుందో అలాగే. ఆరోది అయ్యాక నడుము నిటారు చేసుకుని, మిగతా నాలుగు గంపల పక్కన ఉప్పు బస్తా మూతి విప్పింది.

నాగబాబు ఫోనులో గొడుగాయన ఒక్కడే అరుస్తున్నాడు.

"నూకాలూ," అంది గంగాలమ్మ, "నీ సోటు తీసీసినాను."

"తీసీ అత్తా. ఇసక గవర్నమెంటుది, ఎండ దేవుడిది. సేపలు నాయి."

"ఆ ఇరిగిపోన బోట్ల దగ్గిరికి పో. వరసలో ఉండకు."

"పోతన్నాను."

పరిచిన చేపలన్నీ మళ్లీ గంపల్లోకి ఎత్తాం. పేట చివర, పాడుబడ్డ బోట్లు పడేసిన చోటికి మోశాం. అక్కడ ఇసక గరుకు, కుక్కలెక్కువ. అమ్మ చీపురు తీసుకుని చదును చేసుకుంది. నేను కర్ర పట్టుకుని కుక్కల్ని తోలాను. ఆ పూట క్లాసుకి వెళ్లలేదు.

వాయుగుండం ఒడిశా వైపు తిరిగింది. చుక్క పడలేదు. కొండల మీంచి వచ్చిన పొడిగాలికి నెత్తళ్లు ఒక్క రోజులోనే ఎండి గలగలమన్నాయి.

మేం వెళ్లాక పంతం కొద్దీ ఉన్నదంతా పరిచిన గంగాలమ్మ ఆ రోజు అందరికంటే ఎక్కువ గెలిచింది. నాగబాబుకి పచ్చిగా అమ్మేసినవాళ్లు లబోదిబోమన్నారు. మేం మధ్యలో ఉన్నాం. సాయంత్రం గంగాలమ్మ పని గట్టుకుని మా చివరికి నడిచొచ్చింది.

"ఏటే సత్తీ? నాలుగు గంపలు దండగ సేయించీసినావు మీయమ్మ చేత."

"దండగ కాలేదు మామ్మా, ఉప్పులో ఉన్నాయి. రేపు పదికి ఆరు వంతులు వాన."

"అడిగినానేటి?"

"అడక్కపోయినా చెప్తాను. రోజూ చెప్తాను."

గంగాలమ్మ చుట్ట ఉమ్మేసి వెళ్లిపోయింది.

మర్నాడు అమ్మ నాలుగే పరిచింది. వరసలో అన్నీ పరిచారు. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి జల్లు వచ్చింది. ఆ తర్వాత రోజు నేను ఒక వంతన్నాను, అయినా వాన పడింది. మా తొమ్మిది గంపలూ పోయాయి. మిగిలిన ఆ ఒక్కదాన్ని పట్టుకుని నేను ఏడ్చాను. అమ్మ "ఏడుపయ్యాక రేపటిది సూడు" అంది. మర్నాడు ఎండ రాగానే తొట్టిలో ముందు నుంచి ఉన్న ఉప్పు చేప తీసి బయట ఆరేసింది. వరసలో ఆ రోజు ఆరేయడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

అది చూసిన మర్నాడే పోతమ్మ గంపలు పట్టుకుని మా చివరికి వచ్చింది. "కుక్కల్ని తోలడానికి నానూ ఉంటాన్లే" అంది, ఇంకో కారణం చెప్పకుండా. ఇంకో రెండు రోజులకి మరో ఇద్దరు. వచ్చినప్పుడల్లా అమ్మ కొంచెం పక్కకి జరిగేది. నవంబరు మూడో వారానికి పాడుబడ్డ బోట్ల పక్కన ఒక వరస తయారైంది. హరిచందన ఒకసారి చూడ్డానికి వచ్చి, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకునే కూర్చుంది, పోతమ్మ చేసిన చేపల వేపుడు మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది.

నాగబాబు కూడా ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. "కోడలా, రేపెలాగుంటాదో నాకూ సెప్పొచ్చు కదేటి. వ్యాను తేవాలో ఒద్దో తెలుత్తాది."

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "తడిసిన సేప కోసం సూసీవోడికి సెప్పదు బాబూ. గంపలున్నోళ్లకే."

నవంబరు ఆఖర్లో ఒక పొద్దున. ఆకాశం సగం మబ్బు, సగం తేట. ఏ కంప్యూటర్ మోడలూ ఇంకోదానితో ఒప్పుకోని రోజు. నేను గట్టిగా చెప్పాను, మా వరస అంతటికీ వినపడేలా. "పదికి ఐదు!"

గంపలు కదిలాయి. ఐదు ఇటూ ఐదు అటూ.

పాత చోట గంగాలమ్మతో పాటు ఇంకా ముగ్గురు మిగిలారు. ఆవిడ నిలబడి మా వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత అక్కడి నుంచే ఒక కేక వేసింది.

"ఏటే సత్తీ! ఎన్నన్నావు?"

"ఐదు మామ్మా!"

వంగింది. ఒక గంప బోర్లించింది. ఇంకోటి. అమ్మ పని ఆపి లెక్కపెడుతోంది, నేనూ లెక్కపెడుతున్నాను. ఐదోది అయ్యింది. ఆగలేదు. ఆరోది ఎత్తి, మాకు కనపడేలా కొంచెం పైకెత్తి మరీ బోర్లించింది.

"ఐదన్నాను మామ్మా!"

"ఇన్నాన్లే! నువ్వు ఐదన్నావని ఐదు పరవడానికి నాను నీ క్లాసులో గుంటనేటే?"

చేతులు దులుపుకుంది. మిగిలిన నాలుగు గంపల్నీ ఒక్కొక్కటిగా నీడలోకి ఈడ్చి, ఉప్పు పట్రమ్మని కోడల్ని కేకేసింది.